ఇరవై అడుగుల పచ్చదనం

"కళ్ళు లేని కంప్యూటరుకి కళ్ళున్నవాళ్ళు బలి కాకూడదు!" అని పొగడమెరక మండల రెవెన్యూ అధికారి బంగారయ్యగారు రెండువేల ఒకటో సంవత్సరం జూన్ పదకొండున ఆఫీసు వరండాలో నిలబడి ప్రకటించారు. ఆ సమయానికి అక్కడ ఇద్దరు విలేఖర్లు, ఒక ఫోటోగ్రాఫరు, ఆదాయ ధ్రువపత్రాల కోసం వచ్చిన నలభై మంది జనం ఉన్నారు. నలభై మందీ చప్పట్లు కొట్టారు. కొడితే పత్రాలు తొందరగా వస్తాయని ఎవరో అన్నారు.

ఇంతటి ప్రకటనకి మూలం ఒక అర్ధఠావు కాయితం. దాన్ని రాసింది సలోమి. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు కూర్చునే ఒకే ఒక్క మనిషి ఆమె. మండలంలో ఏ చేను ఎవరిదో, అందులో ఏం పండుతోందో చెప్పే అడంగళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ అడంగళ్ళు ఒకప్పుడు కరణంగారి అరుగు మీద ఉండేవి. అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళలో సలోమి తాత ఒకడు. ఆ పుస్తకాల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ పుస్తకాలన్నీ మనవరాలి టేబులు మీదికి వచ్చిపడ్డాయి. అందుకని ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. కాంట్రాక్టు ఉద్యోగమైనా సరే, కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయినా సరే.

ఆ కాంట్రాక్టు ఏటా సెప్టెంబరు ఒకటిన మళ్ళీ కొత్తగా రాస్తారు. షరతు ఒక్కటే, కంటిచూపులో దోషం ఉండకూడదు. కంప్యూటరు ముందు రోజూ ఆరు గంటలు కూర్చున్న మనిషికి కంటిచూపులో దోషం ఉండకూడదని రాసినవారు చాలా దూరదృష్టి గలవారు. సలోమికేమో మార్చి నుంచి మధ్యాహ్నం దాటితే కళ్ళు మండటం మొదలైంది. నాలుగయ్యేసరికి కణతలు పోటెత్తేవి. ఇంటికెళ్ళి తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకుంటే గాని తల్లి జయమ్మ మొహం కూడా సరిగ్గా కనిపించేది కాదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం తలనొప్పి కంటే ఎక్కువ బాధపెట్టేది.

అమలాపురంలో కళ్ళ డాక్టరు సుస్మితగారు పరీక్ష చేసి, "కంట్లో లోపమేం లేదు, అలసటే" అన్నారు. చుక్కలమందు ఇచ్చి, మాటిమాటికీ రెప్పలు ఆర్పమన్నారు. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని, ఇరవై సెకన్లపాటు చూడమన్నారు. అన్నిటికంటే ముఖ్యం, వెనక కిటికీ వెలుతురు స్క్రీను మీద పడకుండా టేబులు పక్కకి తిప్పించుకోమన్నారు. కాయితం మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశారు.

టేబులు తూర్పు ముఖంగా ఉంది. కంప్యూటరుని మంత్రిగారు ప్రారంభించిన రోజున ఆయన సిద్ధాంతిగారు, ఆపరేటరు తూర్పు చూస్తేనే రాష్ట్రం పైకొస్తుందని సెలవిచ్చారు. అందువల్ల పడమటి కిటికీ సరిగ్గా సలోమి వీపు వెనక పడింది. మధ్యాహ్నం నుంచీ స్క్రీను మీద అడంగళ్ళు కాదు, కిటికీ అవతలి తోటలో కొబ్బరిచెట్లు కనిపించేవి. అందుకని ఆమె "టేబులు ఉత్తరం వైపునకు తిప్పుటకు అనుమతించవలసినదిగా" అని దరఖాస్తు రాసి, డాక్టరుగారి కాయితం దానికి గుండుసూదితో గుచ్చి ఇచ్చింది.

బంగారయ్యగారు మామూలు అధికారి అయితే టేబులు తిప్పించేసేవారు.

"టేబులు తిప్పేం అనుకోమ్మా. పైకేమని రాస్తాం? టేబులు తిప్పడమైనది అని రాస్తాం. కలెక్టరుగారు చదివి ఏమనుకుంటారు?"

"టేబులు తిప్పేరనుకుంటారండి."

"అంతేగా! అదే ఇది చూడు. ఇరవై నిమిషాలు, ఇరవై అడుగులు, ఇరవై సెకన్లు. ఆహా! ఎవరమ్మా ఈ డాక్టరు? ఆవిడకి పరిపాలన తెలుసు."

రాష్ట్రమంతా ఇరవై ఇరవై అని జపం చేస్తున్న రోజులవి. రెండువేల ఇరవై నాటికి మనం ఏమేం అయిపోతామో ప్రతి ఆఫీసు గోడమీదా రాసి ఉండేది. అందరి దగ్గరా రెండు ఇరవైలే ఉంటే బంగారయ్యగారి చేతికి మూడు దొరికాయి. ఆయన ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రానికి 'ఇరవై-ఇరవై-ఇరవై నేత్ర రక్షా పథకం' పుట్టింది.

"మరి టేబులండి?" అంది సలోమి.

"మంత్రిగారు పెట్టిన టేబులమ్మా అది. ఆయన దిక్కు మనం మార్చగలమా?"

పథకం అమలు విషయంలో బంగారయ్యగారు ఎవరికీ తీసిపోరు. కంప్యూటరు వాడేది ఒక్కరే అయినా, పథకాన్ని ఒక్కరికే పరిమితం చేస్తే పక్షపాతం అవుతుంది గనక పదహారు మంది సిబ్బందికీ వర్తింపజేశారు. సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి కిటికీ చువ్వ నుంచి ఇరవై అడుగులు కొలిచాడు. గొలుసు వెళ్ళి ప్రహరీ అవతల భవానీదేవిగారి తోటలో మొదటి వరస కొబ్బరిచెట్టుకి తగిలింది. ఆ చెట్టుకి సున్నంతో కట్టు వేసి, 'వీక్షణ వృక్షము' అని రేకు కొట్టారు. పక్కనున్న ఎలిమెంటరీ స్కూలు గంట అరువు తెచ్చి వరండాలో కట్టారు. అటెండరు మత్తయి ఇరవై నిమిషాలకోసారి గంట కొట్టాలి. కొట్టగానే అందరూ ఉన్న పని ఉన్నట్టు వదిలి, కిటికీ దగ్గర చేరి, పచ్చదనాన్ని చూడాలి. స్కూల్లో గంట లేకపోవడంతో ఆఫీసు గంటకే పీరియడ్లు మార్చేవారు. ఆ ఏడు పొగడమెరకలో అయిదో తరగతి పాఠాలన్నీ జూలైకే అయిపోయాయి.

పట్టాదారు పుస్తకం కోసం వచ్చిన ఒక ముసలి రైతు మొదటిరోజు ఇదంతా చూసి మత్తయిని అడిగాడు.

"ఏటి బాబూ, అందరూ అటు పరిగెత్తేరు? ఏటి చూత్తన్నారు?"

"పచ్చదనం చూత్తన్నారు తాతా. కళ్ళకి మంచిదంట."

"ఓసంతేనా! మా చేలో బోలెడుంది. పుస్తకం ఇచ్చేసి అక్కడికొచ్చి చూడమను."

పథకం సలోమికి మొదటిరోజు నిజంగానే ఉపయోగపడింది. గంట మోగగానే పదిహేను మంది ఆమె గదిలోకి వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. వెలుతురు ఆగిపోయింది. స్క్రీను మీద కొబ్బరిచెట్లు మాయమై, అక్షరాలు కడిగినట్టు కనిపించాయి. ఆమె సంతోషం పట్టలేక ఆ ఇరవై సెకన్లలో రెండు సర్వే నంబర్లు కొట్టేసింది. గబగబా కొడుతున్న చప్పుడు విని బంగారయ్యగారు వెనక్కి తిరిగారు.

మర్నాడు మెమో వచ్చింది. "వీక్షణ సమయమున మీరు కంప్యూటరు వైపు చూచినట్లు తెలియవచ్చినది. సంజాయిషీ ఇవ్వగలరు." మెమోలు కంప్యూటర్లోనే కొట్టాలి గనక దాన్ని కూడా సలోమే కొట్టింది. సంజాయిషీ కూడా ఆమే కొట్టింది.

ఆ తర్వాత ఆమె కూడా వరసలో నిలబడేది. వరస హోదాని బట్టి. ముందు బంగారయ్యగారు, తర్వాత డిప్యూటీ, తర్వాత సీనియర్ అసిస్టెంటు గంగరాజుగారు, అలా పోగా పోగా చివర కాంట్రాక్టు మీదున్న సలోమి. అయితే గంగరాజుగారు నిలబడితే కాళ్ళు లాగుతాయని వెనక్కి వచ్చి, పక్కగోడకి భుజం ఆనించేవారు. అందుచేత సలోమికి సరిగ్గా ముందు ఆయన వీపు ఉండేది. రోజుకి పద్ధెనిమిదిసార్లు, ఇరవై సెకన్ల చొప్పున, అడుగు దూరం నుంచి ఆమె గంగరాజుగారి చొక్కాని చూసేది. అది పచ్చచొక్కా కూడా కాదు. తలనొప్పి అలాగే ఉంది.

జూలై మొదటివారంలో తోట యజమాని భవానీదేవిగారు ఆఫీసుకి వచ్చారు. అరవై దాటిన మనిషి. ఏడెకరాల తోట ఒంటిచేత్తో నడుపుకొస్తున్నావిడ. వెనక పాలేరు నెత్తిమీద బుట్టెడు బొండాలు.

"బావున్నారాండీ బంగారయ్యగారూ? పిల్లలు బావున్నారా?"

"ఆయ్, మీ దయవల్ల బావున్నామండి. కూర్చోండి పిన్నిగారూ. కబురెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ."

"అబ్బెబ్బే, మీరు పెద్ద పనుల్లో ఉంటారండి. ముందు అందరూ బొండాలు తాగండి. తరవాత మాట్లాడుకుందాం."

పదహారు మందీ తాగారు. ఆవిడ అందరూ తాగేదాకా ఆగారు.

"తియ్యగా ఉన్నాయాండి?"

"అమృతమండి!"

"మీరు చూస్తున్న చెట్టువేనండి. ఇవే ఆఖరివండి." ఆవిడ పైటకొంగుతో మొహం తుడుచుకున్నారు. "మీరేమీ అనుకోనంటే ఒక మాటండి. మీరు చూడటం మొదలెట్టేక ఆ చెట్టుకి పిందె నిలవట్లేదండి. రోజుకి పద్ధెనిమిదిసార్లు, పదహారు మంది, రెప్ప వెయ్యకుండా చూస్తే మనిషే నిలవడండి. పిందెనగా ఎంతండి?"

"రెప్ప వేస్తున్నామండి," అన్నారు గంగరాజుగారు నొచ్చుకుని. "రెప్ప వెయ్యమని కూడా పథకంలో ఉందండి."

"ఊళ్ళోవాళ్ళ దిష్టయితే ఎర్రనీళ్ళు తిప్పి పోస్తామండి. గవర్నమెంటు దిష్టికి ఏం తిప్పాలో మాకు తెలీదు కదండీ. మీరే ఏదో ఆర్డరు ఇప్పించాలండి."

నిజానికి ఆ చుట్టుపక్కల తోటలన్నిటికీ ఆ ఏడు నల్లి పురుగు పట్టింది. ఉప్పలగుప్తం దాకా పిందె రాలుతూనే ఉంది. కాని భవానీదేవిగారి చెట్టు గవర్నమెంటు రేకు తగిలించుకుని రాలుస్తోంది గనక దాని సంగతి వేరు. బంగారయ్యగారికి ఇది సంకటమైంది. చూపు తగిలిందని ఒప్పుకుంటే పథకం హానికరమని ఒప్పుకున్నట్టు. తగల్లేదంటే పెద్దావిడ తెచ్చిన బొండాలు తాగి ఆవిడనే అబద్ధాలకోరుని చేసినట్టు. ఆయన రెండూ చెయ్యకుండా ఫైలు కట్టి ఉద్యానవన శాఖకి పంపారు. "ప్రభుత్వోద్యోగులు విధినిర్వహణలో భాగంగా చూచుట వలన కొబ్బరికి హాని కలుగునా?" అన్నది ప్రశ్న. పది రోజులకి జవాబు వచ్చింది. "నల్లికిని చూపునకును గల సంబంధముపై పరిశోధన జరుగవలసియున్నది. ఈలోగా చూపు తీవ్రతను తగ్గించుకొనవచ్చును." ఆ జవాబుని గౌరవిస్తూ బంగారయ్యగారు సిబ్బందిని కళ్ళు సగం మూసి చూడమన్నారు.

అలా సగం చూపులు చూస్తున్న పదహారు మందిని చూసి భవానీదేవిగారు మరీ బెదిరిపోయారు. ఇంక ఆవిడ ఎవర్నీ అడగలేదు. నలుగురు కూలీలని పెట్టి, ప్రహరీ పొడుగునా పన్నెండడుగుల ఎత్తున కొబ్బరాకుల దడి కట్టించేశారు. వెదురుబొంగులు పాతి, మూడు వరసలు ఆకులు అల్లి, సూది దూరకుండా కట్టించారు. ఎవరు చూసినా చూపు దడికే తగలాలి.

దడి లేచిన మధ్యాహ్నం సలోమి ఎప్పట్లాగే భయంభయంగా కుర్చీలో కూర్చుంది. ఒంటిగంట అయింది, రెండయింది. స్క్రీను మీద వెలుతురు పడలేదు. మూడయింది. కొబ్బరిచెట్లూ కనిపించలేదు. కనిపించిందల్లా సర్వే నంబరు నూట నలభై రెండు, పల్లం, వరి. సాయంత్రం దాకా అక్షరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమెకి ఎవరికైనా చెప్పాలనిపించింది గాని, చెబితే దానికి కూడా పథకం పెడతారేమోనని నోరు మూసుకుంది.

"ఏమ్మా, వారం రోజులై తడిగుడ్డ అడగట్లేదేం?" అంది జయమ్మ.

"నెప్పి లేదమ్మా."

"డాక్టరమ్మ చుక్కలు పనిచేసేయా?"

"చుక్కలు కాదమ్మా. దడి."

జయమ్మకి అర్థం కాలేదు. ఆదివారం చర్చిలో సలోమి కళ్ళు మూసుకుని, దడి కట్టించిన పెద్దావిడని చల్లగా చూడమని, ఆవిడ కొబ్బరికి నల్లి వదిలించమని ప్రార్థన చేసింది. అంత మనస్ఫూర్తిగా ఆమె ఈ మధ్య దేనికీ ప్రార్థించలేదు.

ఆఫీసు మాత్రం పథకాన్ని వదల్లేదు. దడి ఆకులు పచ్చివి గనక మొదటివారం పచ్చదనానికి లోటు లేదు. ఎండి గోధుమరంగుకి తిరిగాక, మత్తయి నిచ్చెనేసుకుని ఆకుపచ్చ పెయింటు పూశాడు. సలోమి రోజుకి అరవై సర్వే నంబర్లు కొట్టేదల్లా నూట నలభై కొట్టసాగింది. ఆ అంకె చూసి బంగారయ్యగారి కళ్ళు చెమర్చాయి. "నేత్ర రక్షా పథకం ఫలితంగా పని రెండింతలు మించినది" అని కలెక్టరాఫీసుకి రాశారు. కలెక్టరాఫీసు హైదరాబాదుకి రాసింది. హైదరాబాదు నుంచి మంత్రిగారు ఆగస్టు ఇరవయ్యో తారీఖున స్వయంగా వచ్చి, ఇరవై సెకన్లపాటు పచ్చదనాన్ని చూస్తారని కబురొచ్చింది.

మంత్రిగారు పెయింటు పూసిన దడిని చూడటం బాగుండదు. బంగారయ్యగారు తోటలోకి వెళ్ళారు.

"ఒక్క పూటకి దడి తీయించండి పిన్నిగారూ. ఆయన చూసేది ఒక్కసారేనండి."

"ఆయన చూపంటే ఇంకా భయమండీ," అన్నారు భవానీదేవిగారు మజ్జిగ గ్లాసు అందిస్తూ. "రెండేళ్ళ కిందట మా మరిది పొలం చూసి బావుందన్నారండి. ఇప్పుడక్కడ గెస్టుహవుసు ఉందండి."

మంచిమాటతో కానిది రూలుతో కావాలి. ఆక్రమణలు తొలగించే అధికారం రెవెన్యూ వారిదే. దడి ఆవిడ సొంత స్థలంలోనే ఉంది గనక స్థలాన్ని ఆక్రమించినట్టు రాయడానికి వీల్లేదు. బంగారయ్యగారు ఒక రాత్రంతా ఆలోచించి, 'ప్రభుత్వ దృష్టిపథమును ఆక్రమించిన కట్టడము' అని నోటీసు తయారు చేయించారు. అటువంటి నోటీసు జిల్లా చరిత్రలో అదే మొదటిదని గంగరాజుగారు అందరికీ గర్వంగా చెప్పారు. దాన్ని కొట్టింది సలోమి. తనకి నీడనిస్తున్న దడి మీద తనే నోటీసు కొట్టాల్సి రావడం ఆమెకి చాలా కష్టంగా అనిపించింది. రెండుసార్లు లేచి కిటికీ దగ్గరికెళ్ళి దడిని చూసి వచ్చింది.

పదో తారీఖున దడి పడిపోయింది. భవానీదేవిగారు ఊరికే ఉండే మనిషి కాదు. పదకొండో తారీఖున దింపు తీయించి, ఆ చెట్టుకి ఒక్క కాయ లేకుండా చేసేశారు. వీక్షణ వృక్షం బోడిగా నిలబడింది. బోడిచెట్టుని మంత్రిగారు చూడటం కూడా బాగుండదు గనక, మలికిపురం నుంచి నాలుగు గెలలు తెప్పించి నైలాన్ తాడుతో చెట్టుకి కట్టించారు.

ఎండ మళ్ళీ స్క్రీను మీదికి వచ్చింది. దానికి తోడు మంత్రిగారి కార్యక్రమం, ఆహ్వానితుల జాబితాలు, పథకం మీద నలభై పేజీల పుస్తకం అన్నీ సలోమే కొట్టాలి. పది రోజులు పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవలేదు. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. రోజుకి పద్ధెనిమిదిసార్లు గంట మాత్రం మోగేది.

ఇంకో సంగతి. మంత్రిగారి ముందు సిబ్బంది అందరికీ కంటిపరీక్ష చేయించి ఫలితం ప్రకటించాలని బంగారయ్యగారి ఆలోచన. ప్రచారం కోసం కంటిపరీక్ష ఛార్టుని పక్షం రోజుల ముందే హాల్లో, మంచినీళ్ళ కుండ పైన తగిలించారు. కుండ దగ్గరికి ఎవరు వెళ్ళినా దాన్ని చదవాల్సిందే. లోపలి గదిలో తూర్పు చూస్తూ కూర్చున్న సలోమికి తప్ప అందరికీ అది పొద్దున్నే చదివే స్తోత్రంలాగ నోటికి వచ్చేసింది.

ఇరవయ్యో తారీఖు ఉదయం డాక్టరు సుస్మితగారు వచ్చారు. కుండ పైనుంచి తీసిన ఛార్టుని పరీక్ష గోడ మేకుకి తగిలించకముందే గంగరాజుగారు చివరి వరస చదివేశారు. మత్తయి కింది నుంచి పైకి చదివాడు. బంగారయ్యగారి వంతు రాగానే ఆయన భక్తితో కళ్ళు మూసుకుని, మొత్తం ఎనిమిది వరసలూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. డాక్టరుగారు పక్కనున్న విలేఖర్లని చూసి, ఫారం మీద టిక్కు పెట్టేశారు.

ఆఖర్న సలోమి వచ్చింది. మూడు వరసలు చదివింది. నాలుగో వరసలో అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి. ఊహించి చెప్పొచ్చు, కాని జయమ్మ కూతురికి కనిపించనిది కనిపించిందని చెప్పడం అలవాటు లేదు.

"కనబడట్లేదండి," అంది.

సుస్మితగారు ఆమె కళ్ళలోకి టార్చి వేసి చూశారు. "నువ్వు అమలాపురం వచ్చేవు కదూ? టేబులు తిప్పేరా?"

"లేదండి. పథకం పెట్టేరు."

డాక్టరుగారు టార్చి ఆర్పేశారు. తర్వాత బంగారయ్యగారి వైపు తిరిగి, "ఈ అమ్మాయికి కంట్లో దోషం లేదండి. రెండు రోజులు విశ్రాంతి ఇస్తే అదే సర్దుకుంటుంది. అప్పుడు మళ్ళీ చూద్దాం" అన్నారు.

"తప్పకుండానండి. కాని ఫారంలో రెండే గడులున్నాయండి. దోషం ఉంది, దోషం లేదు. విశ్రాంతి అన్న గడి లేదండి."

మధ్యాహ్నం మంత్రిగారు వచ్చారు. మత్తయి గంట కొట్టాడు. మంత్రిగారు కిటికీ దగ్గర నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని వీక్షణ వృక్షాన్ని చూశారు. పదమూడో సెకనులో నైలాన్ తాడు తెగి ఒక గెల దభీమని కింద పడింది. జనం ఏం చెయ్యాలో తెలియక చప్పట్లు కొట్టారు. ప్రహరీ అవతల నిలబడ్డ భవానీదేవిగారు, "చూసేరాండీ?" అని పక్కావిడతో మెల్లిగా అన్నారు.

సభలో మంత్రిగారు ఫలితాల కాయితం అందుకున్నారు.

"పదహారు మందిలో పదిహేను మందికి చూపు దివ్యంగా ఉంది! మరి ఆ ఒక్కరూ ఎవరు?"

"కంప్యూటరు ఆపరేటరండి," అన్నారు బంగారయ్యగారు చెవిలో. "కాంట్రాక్టు మనిషండి. సిబ్బంది లెక్కలోకి రాదండి."

"అయితే పదిహేనుకి పదిహేను. నూటికి నూరు!" అని మంత్రిగారు మైకులో అన్నారు. రాష్ట్రమంతటా ఈ పథకాన్ని పెడతామన్నారు. కంప్యూటర్లు లేని ఆఫీసుల్లో ముందు మొదలెడతామన్నారు.

కార్లు వెళ్ళిపోయాయి. వెంటనే నివేదిక కొట్టి పంపాలి. బంగారయ్యగారు సలోమిని పిలిచి చెప్పారు.

"నివేదిక వెనక జాబితా ఒకటి పెట్టమ్మా. చూపు దోషం లేని సిబ్బంది, పదిహేను పేర్లు. అది కలెక్టరాఫీసుకి పోతుంది. వచ్చేనెల నుంచి ఎవర్ని కొనసాగించాలో దాన్ని బట్టే చూస్తారు. నీ సంగతంటావా…" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "నా చేతిలో ఏముందమ్మా? రూలు."

"ఆయ్," అంది సలోమి.

లోపలికొచ్చి కూర్చుంది. మొదట ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెళ్ళాక కొట్టడం మొదలుపెట్టింది. పొద్దు తోట వెనక్కి దిగింది గనక స్క్రీను శుభ్రంగా ఉంది. ఒకటి, బంగారయ్య. రెండు, డిప్యూటీ. మూడు, గంగరాజు… అలా పేర్లన్నీ కొట్టింది. కొట్టాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. మళ్ళీ కొంచెం కొట్టింది. ప్రింటరు కర్రుకర్రుమంటూ కాయితం బయటికి తోసింది.

బంగారయ్యగారు కాయితం అందుకుని చదవబోయారు. చెయ్యి చాచారు. ఇంకొంచెం చాచారు. చెయ్యి అయిపోయింది గాని కాయితం ఇంకా దూరం వెళ్ళాల్సి ఉంది. సొరుగులో కళ్ళజోడుంది. కాని నేత్ర రక్షా పథకం పెట్టినాయన, నూటికి నూరు వచ్చిన రోజునే కళ్ళజోడు పెట్టుకుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? వరండాలో విలేఖరి ఒకడు ఇంకా టీ తాగుతున్నాడు.

"నువ్వే చదువమ్మా. నేను వింటాను."

సలోమి కాయితం తీసుకుని చదివింది. నివేదిక చదివింది. జాబితాలో పేర్లు ఒక్కొక్కటే, మెల్లిగా, హోదాతో సహా చదివింది. ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నారు.

"పదిహేనూ వచ్చేయా?"

"వచ్చేయండి."

"సంతకం ఎక్కడమ్మా? కాస్త వేలు పెట్టి చూపించు."

ఆమె వేలు పెట్టింది. ఆయన ఆ వేలి పక్కనే సంతకం చేసి, స్టాంపు గుద్ది, కాయితాన్ని వాత్సల్యంగా చూశారు.

"ముత్యాల్లా కొట్టేవమ్మా. నీ కళ్ళకేం!"

"ఆయ్," అంది సలోమి.

పదహారో వరసలో ఉన్న పేరు ఆమె చదవలేదు. ఆయన చూడలేదు.